కుందేలు వద్దు పిన్నీ

పిన్నీ,

కుందేలు వేషం కుట్టడం ఆపెయ్యి. మా వేషాల క్లబ్బులో ఎవరికి నచ్చిన జంతువుగా వాళ్లు తయారవుతారు కదా, కాస్త చిన్నగా కనబడాలని నేను కుందేలునవుతానన్నాను. "తాటిచెట్టులా ఎదిగావు, కొంచెం వంగి నడవవే" అని అమ్మ అంటూనే ఉంటుందిగా!

మొన్న సరదాకి క్లబ్బులో స్నేహితురాలి జిరాఫీ వేషం తల పెట్టుకున్నాను. వంగితే జారిపోతుంది. అందుకని సాయంత్రమంతా నిటారుగానే తిరిగాను. ఎంత హాయిగా ఉందో!

ఇవాళ ఆఫీసులో స్టోర్ రూమ్ గుమ్మం ఠపీమని నుదుటికి తగిలింది. నెత్తిన జిరాఫీ లేదు, అయినా వంగడమే మర్చిపోయాను. బొప్పి కట్టినా నవ్వు ఆగలేదు.

నాకు జిరాఫీ కుట్టిపెట్టు. కొలతలకి ఆదివారం వస్తాను. పాతవి పనికిరావు పిన్నీ, అప్పుడు వంగి నిలబడ్డాను.

నీ తాటిచెట్టు