లేని వంతెన

జూన్ 12, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. నేను క్షేమమే, మోకాళ్లు మాత్రం నా మాట వినడం మానేశాయి. నువ్వూ బాగానే ఉన్నావనుకుంటాను. ఇరవై రెండేళ్లుగా జవాబు లేదు కాబట్టి అనుకోవడమే నా పని.

మొన్న ఫ్రేములు కట్టే కొట్లో మన నదిలోయ షీటు కనిపించింది. నువ్వు సర్వే చేసినది, నేను పెన్సిలుతో గీసినది. పాతకాలపు మ్యాపని ఎవరో గోడకు తగిలించుకుంటారట. కొండల ఎత్తు చూపే గోధుమరంగు గీతలు, నిన్ను మూడుసార్లు ఎక్కించి దించిన ఆ మొండి గుట్ట, ఏటి మలుపు, దాని మీద వంతెన. కొట్టతను కుర్చీ వేసి, మీ ఊరా అమ్మా అని అడిగాడు. ఆ ఊరు నేనెప్పుడూ చూడలేదని, మా తమ్ముడి ఉత్తరాల్లో చదివానని చెప్పాను.

వారానికో ఉత్తరం రాసేవాడివి. సగం దోమల మీద, పావు వంటవాడి మీద, మిగిలినదంతా అవతలి ఒడ్డు టీచరమ్మ మీద. ఏరు తగ్గేలోపు నిన్ను వేరే లోయకు వేస్తారేమోనని ఒకటే బెంగ. మ్యాపుల ఆఫీసులో నా బల్ల దగ్గర చదువుకుని నాలో నేనే నవ్వుకునేదాన్ని.

తర్వాత ఆ గొడవ. మన మ్యాపును నమ్మి మందుల లారీ ఏటి దాకా వెళ్లి, వంతెన లేక వెనక్కి వచ్చింది. విచారణలో చూస్తే, నువ్వు అక్కడ కొలిచింది కొలిచినట్టు రాసుకున్న ఫీల్డు బుక్కులో ఆ పేజీ వానకు తడిసి అలుక్కుపోయింది. అందులో వంతెన లేదని నువ్వు మొత్తుకున్నావు. అక్క చూసింది, అడగండి అన్నావు. నాకు గుర్తులేదన్నాను. నువ్వు ఉద్యోగానికి ఒక దండం పెట్టి, నాకు ఇంకో దండం పెట్టి వెళ్లిపోయావు.

ఒక్కసారి రారా. తిట్టడానికైనా సరే. నీ జుట్టు నెరిసిందో ఊడిందో కూడా తెలియకుండా పోతానేమోనని భయంగా ఉంది.

ఇట్లు,
నీ అక్క

తా.క. నాకు గుర్తుంది. ఆ పేజీలో వంతెన లేదు. నీ ఉత్తరం చదివి, ఇక దాటి వెళ్లరా నాయనా అనుకుంటూ మ్యాపు మీద సరదాగా నేనే గీశాను. సాయంత్రం చెరిపేద్దామనుకుని మరిచిపోయాను. మర్నాడు నేను సెలవు. సిరా వేసే ఆయన నా గీతను నమ్మి దిద్దేశాడు. నా ఉద్యోగం పోతుందని నోరు విప్పలేదు. శుక్రవారం ఇదంతా రాసి, సంతకం పెట్టి మన ఆఫీసులో ఇచ్చాను. నువ్వు వచ్చినా రాకపోయినా ఆ కాగితం అక్కడ ఉంటుంది. నువ్వు సరిగ్గానే కొలిచావురా.