ముప్పై ఒక్క నిమిషాలు

తిరుత్తణి,
మంగళవారం.

చిరంజీవి గుహన్‌కు అక్క దీవెనలు.

సుబ్రహ్మణ్యస్వామి చల్లని చూపు వల్ల నేనూ మీ బావా బాగున్నాం. పూణేలో నువ్వూ వేళకు తిని, వేళకు పడుకుంటూ బాగున్నావని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం శనివారం అందింది. రాత ఇంకా గుండ్రంగానే ఉంది, సంతోషం. ఫోనులో ఎవరైనా మాట్లాడతారు. తెలుగు రాసే చెయ్యి మన ఇంట్లో నాతో ఆగిపోకూడదనే కదా ఈ ఉత్తరాలు పెట్టుకున్నాం.

మీ బావ మోకాలి గురించి అడిగావు. పూజాసామాన్ల కొట్లో కూర్చున్నంతసేపు నొప్పి లేదు, లేస్తే ఉంది. అందుకని లేవడం మానేశాడు. నేను కృత్తికకు కొండ మెట్లు ఎక్కాను. దారిలో రెండుచోట్ల కూర్చున్నాను, అంతే. పైగదిలో నెట్ బాగానే వస్తోందని వెనక వాటాలో ఉండే కంప్యూటర్ టీచరు కోకిల చూసి చెప్పింది.

ఆ గదికి వెల్ల వేయించాను. కిటికీ పక్కన బల్ల వేయించి, గోడకు నాలుగు ప్లగ్గులు పెట్టించాను. పదిరోజులుగా పొద్దున కాఫీ మూడు గ్లాసుల్లో పోస్తున్నాను. మీ బావ తనది తాగి, మూడోది కూడా తనే తాగేస్తాడు.

అమ్మ పోయేనాటికి నీకు తొమ్మిదేళ్ళు. పద్దెనిమిదేళ్ళకు హాస్టలుకు వెళ్ళావు. ఆ తర్వాత ఈ ఇంట్లో నువ్వు వరసగా మూడు రాత్రులు పడుకున్నది లేదు. తప్పు పట్టడం లేదు నాయనా. ఉన్నది రాస్తున్నాను.

వచ్చే వారం శుక్రవారంలోగా ఏ మిషను కావాలో ఆఫీసులో చెప్పాలన్నావు. డెస్క్‌టాప్ తీసుకుంటే పూణేలోనే నీ సీటు. లాప్‌టాప్ తీసుకుంటే ఇంటి నుంచి పని. ఇంకా కట్టని ఇంట్లో మనిషి తిరుగుతున్నట్టు నువ్వు చేసే ఆ కదిలే బొమ్మ, ఆఫీసు డెస్క్‌టాప్‌లో ఇరవైనాలుగు నిమిషాల్లో తయారవుతుందన్నావు. లాప్‌టాప్‌లోనూ అదే నంబరు గ్రాఫిక్స్ కార్డు ఉంది గనుక పెద్ద తేడా ఉండదనీ, ముప్పై ఐదు నిమిషాలు దాటకపోతే చాలనీ, దాటితే మాత్రం చెప్పిన వేళకు పని అందించలేక ఉద్యోగమే పోతుందన్నావు. అందుకే పంగుని ఉత్తరం పండక్కి వచ్చినప్పుడు ఆ లాప్‌టాప్ ఇక్కడ వదిలి, మన ఇంటి వేడిలో, మధ్యాహ్నం పూట, ఎంతసేపు పడుతుందో చూసి రాయమన్నావు.

ముప్పై ఒక్క నిమిషాలని రాశాను. “మన ఎండలో ముప్పై ఒకటేనా! అయితే వచ్చేస్తా ఉండానక్కా” అని నువ్వు జవాబిచ్చావు. ఆ ఒక్క వాక్యం దేవుడి గదిలో నిలబడి ఎన్నిసార్లు చదివానో తెలియదు.

ఆదివారం యూనిట్ రైలుబండిలో తిరువళ్ళూరు వెళ్ళాను. వీరరాఘవస్వామి ముందు కళ్ళు మూసుకుంటే స్తోత్రం రాలేదు. ముప్పై ఒకటి అన్న అంకె వచ్చింది. బయటికొచ్చి, తేరు నిలిపే తేరడి దగ్గర కంప్యూటర్లు బాగుచేసే దేవేంద్రన్‌ను అడిగాను, రెండు కార్డులూ ఒకటేనా అని.

“పేరొకటే అక్కా, ఒళ్ళు వేరే” అన్నాడు. “పెద్దదానికి మున్నూరు వాట్లదాకా పోస్తారు. చిన్న పెట్టిలో ఉండేదానికి అందులో సగం కూడా కష్టమే. అదీ చల్లగా ఉన్నంతసేపే. వేడెక్కినాదంటే దానికదే వేగం తగ్గించుకుంటాది. మన తిరుత్తణి కొండకు వచ్చేవాళ్ళు లేరా, మొదటి నూరు మెట్లు పరిగెత్తి, ఆపైన రొప్పతా నిలబడిపోతారే, అట్ల. మొదటి అయిదు నిమిషాలు చూసి ఏమారిపోవాకండి.”

“పక్కన కూర్చుని విసిరితేనో?” అన్నాను.

“ఎవురు విసరతారక్కా దినమంతా?” అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. గుహన్, ఇక్కడివరకు రాసి కలం పక్కన పెట్టాను. మళ్ళీ తీసుకున్నాను.

నువ్వు చెప్పినట్టే ఒక మధ్యాహ్నం రెండు గంటలకు పైగదిలో కోకిల ఆ పని మొదలుపెట్టింది. నలభై మూడు నిమిషాలు పట్టింది. ఆ అంకె నీకు ఫోనులో పంపబోతుంటే నేనే ఆపాను. రేపు ఇంకోసారి చూద్దాం అన్నాను.

మర్నాడు తెల్లవారి స్నానం చేసి, లాప్‌టాప్‌ను కిందికి దించి దేవుడి గదిలో నల్లరాతి పలక మీద పెట్టించాను. నడివేసవి కత్తిరి ఎండల్లో స్వామికి చేస్తామే, అట్లాగే గుమ్మానికి వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చల్లాను. పని మొదలైనప్పటినుంచి అయ్యేదాకా తాటాకు విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. నోట్లో స్వామి నామమే ఉంది. మనసులో నువ్వున్నావు.

మీ బావ గుమ్మంలో నిలబడి చూశాడు. “ముప్పై ఏండ్ల కాపురంలో నాకొక దినమన్నా విసిరినావా? ఆ నల్ల పెట్టికి వింజామర వీస్తా ఉండావే!” అన్నాడు.

కోకిల నవ్వలేదు. “బడిలో పిల్లకాయలు కాపీ కొడితే బయటికి పంపిస్తానక్కా నేను. మీరు దేవుడి ముందరే కొడతా ఉండారే” అంది.

“స్వామి చూస్తా ఉండాడులే, నువ్వు గడియారం చూడు” అన్నాను.

ముప్పై ఒక్క నిమిషాలు. ఆ అంకె అబద్ధం కాదు. దానికి ముందు నలభై మూడు వచ్చిందని రాయకపోవడం, నువ్వు ఏ వేడిలో చూడమన్నావో ఆ వేడి లేకుండా చూడటం, అదే అబద్ధం. దేవుడి గదిలో చేశాను గనుక తప్పు కాదని నాకు నేను చెప్పుకున్నాను. అంతకన్నా పెద్ద తప్పు మరొకటి చేసిన గుర్తు లేదు.

నిన్న మళ్ళీ చేయించాను. మధ్యాహ్నం రెండు గంటలకు, పైగదిలో, నీ బల్ల మీద. నా చెయ్యి ఊరుకోదని తెలిసి కింద కొట్లో మీ బావ పక్కన కూర్చుని కర్పూరం పొట్లాలు కట్టాను. కోకిల దిగి వచ్చి, “నలభై నాలుగక్కా” అంది. అడగకుండానే నా భుజం మీద చెయ్యి వేసింది. ఇదే నీకు కావలసిన అంకె. దీన్ని నమ్ము.

ఫోనులో చెప్పవచ్చు. నీ గొంతు వింటే మాట మార్చేస్తాను. అందుకని స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. గురువారానికి అందుతుందని పోస్టాఫీసులో అన్నారు. నువ్వు చెప్పాల్సిన శుక్రవారానికి ఇంకా వారం ఉంటుంది.

డెస్క్‌టాప్ తీసుకో. ఆలోచించకు. అక్క ఏమనుకుంటుందో అని అసలే ఆలోచించకు. లాప్‌టాప్‌ను రేపు తిరువళ్ళూరు తీసుకెళ్ళి ఇస్తాను, దేవేంద్రన్ భద్రంగా ప్యాక్ చేసి పంపిస్తాడు.

ఇన్నేళ్ళూ నిన్ను రప్పించడానికి ఏదో ఒక కారణం వెతుకుతూనే ఉన్నాను. అమ్మ తిథి అన్నాను, ఉత్సవం అన్నాను, ఇప్పుడు ఈ మిషను. కారణం ఉంటేనే వస్తావని ఎందుకనుకున్నానో తెలియదు. ఊరికే రా అని ఒక్కసారి కూడా అడగలేదు నేను.

ఊరికే రా, నాయనా.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దక్క,
మీనాంబ.