జానెడు కాంక్రీటు తవ్వించవలసినదిగా

బైపాస్ రోడ్డు ముఖ్య ఇంజనీరు గారి సముఖమునకు, అగ్నిమాపక కేంద్రం డ్రైవరు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: బైపాస్ కింది దారిలో జానెడు కాంక్రీటు తవ్వించుట గురించి, వంతెన దూలమును నేను పాడుచేసితినని తమరు పంపిన నోటీసుకు జవాబు గురించి.

1. నగరం చుట్టూ తమరు వేసిన బైపాస్ ఎత్తయిన కట్ట మీద పోవుచున్నది. ఇవతల మా కేంద్రం, అవతల నాలుగు వందల ఇళ్ళు. మధ్యన ఆ కింది దారి ఒక్కటే. చుట్టు తిరిగితే పదకొండు కిలోమీటర్లు.

2. కట్టినప్పుడు ఆ దారి ఎత్తు పదకొండున్నర అడుగులు. మా బండి నిచ్చెనతో సహా పదకొండుంబావు. అంతవరకు తమరిని తప్పుపట్టను. అయితే ప్రారంభోత్సవానికి వచ్చే పెద్దల కార్లు కుదుపుతాయని నేల మీద ఇంకో జానెడు కాంక్రీటు పోయించారు. కింద పోస్తే పైన తగ్గుతుందని బడికి పోని పిల్లలకు కూడా తెలుసు.

3. గత మంగళవారం మధ్యాహ్నం అవతల వడ్రంగి షెడ్డు అంటుకున్నది. మా నిచ్చెన దూలానికి తగిలి బండి ఇరుక్కున్నది. టైర్లలో గాలి తీసి, వెనక్కి లాగి, మళ్ళీ గాలి కొట్టి, చుట్టు తిరిగి వెళ్ళేసరికి ఆర్పడానికి ఏమీ మిగలలేదు. వడ్రంగికి రెండు చేతులూ కాలాయి. ఆయన ఇక రంపం పట్టలేడట.

4. ఈ సంగతి తమ కార్యాలయానికి వచ్చి విన్నవించితిని. తమ సహాయక ఇంజనీరు గారు కుర్చీలోంచి కదలకుండా, "బోర్డు మీద పదకొండున్నర అని రాసుంది కదయ్యా, బండెలా తగుల్తుంది?" అన్నారు.

"మేం పోయేది బోర్డు కింద నుంచి కాదు సార్, వంతెన కింద నుంచి" అన్నాను.

"ఎక్కువ మాట్లాడకు. అంతగా అయితే నిచ్చెన విప్పేసి నడుపుకో."

నిచ్చెన లేని ఫైరింజన్ దేనికండీ, తమ కార్లు కడగడానికా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. తమరు అడుసు తొక్కి, కాలు నన్ను కడగమంటున్నారు.

5. దూలం పెచ్చు ఊడినందుకు సంజాయిషీ అడిగారు. ఇదే సంజాయిషీ: టేపు పట్టుకుని ఒక్కసారి ఆ వంతెన కిందికి రండి. టేపు లేకపోతే మా స్టేషనులోది ఇస్తాను. సిగ్గు మాత్రం మా దగ్గర అరువు దొరకదు.

కావున సదరు కాంక్రీటును వెంటనే తవ్వించవలెనని, ఈ కాగితం ఫైళ్ళ అడుక్కి పోకముందే చిత్తగించవలెనని ప్రార్థన.

రూలు ప్రకారం,
తమ విధేయుడు,
ఫైరింజన్ డ్రైవరు

తా.క.: మా చెల్లెలూ, దాని మూడేళ్ళ పాపా కట్టకు అవతలే ఉంటారు. నిన్న వెళ్ళి, వంటింట్లో నాలుగు బకెట్ల నీళ్ళు ఎప్పుడూ నింపి ఉంచమన్నాను. "ఫైరింజన్ నడిపేది నువ్వే కదా అన్నయ్యా, మా ఇల్లంటుకుంటే నువ్వు రావా?" అంది. ఆ నాలుగు బకెట్లూ నేనే నింపి వచ్చేశాను. దాని ప్రశ్నకు జవాబు తమరే రాసి పంపండి.