కాలువకు అడ్డుపడిన ఫ్లెక్సీ గురించి పలకల షెడ్ల వీధి వారి మనవి

మార్కాపురం,
14-11-2024.

శ్రీయుత వాననీటి సంరక్షణ ప్రత్యేకాధికారి గారి సముఖమునకు, పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏండ్లు ఫ్రేములు బిగించి విరమించి, ప్రస్తుతము పలకల షెడ్ల వీధి కాలువ కమిటీకి కార్యదర్శిగా ఉన్న మాలకొండయ్య వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సందర్శకుల చేత బలవంతముగా కాలువలో పూడిక తీయించితిమని తమరు పంపిన నోటీసుకు సంజాయిషీ, మరియు మాకిచ్చిన ప్రశంసాపత్రమును వెనుకకు తీసుకొనవలెనని ప్రార్థన.

తమరి నోటీసు ముట్టినది. అందులో మూడు నేరములున్నవి. సందర్శకుల బూట్లు జప్తు చేయుట ఒకటి. వారి చేత బురద ఎత్తించుట రెండు. తమరి ముఖచిత్రము గల ఫ్లెక్సీని చించుట మూడు. మూడును జరిగిన మాట వాస్తవమే. ఎట్లు జరిగినవో మాత్రము తమరు ఓపికతో వినవలెను.

1. మా వీధి పల్లములో ఉన్నది. ఎగువన పలకలు కోసే షెడ్లు. వాన పడితే పలకల పొడి, ఆటోల ఆయిలు, గేదెల పేడ, సబ్బు నీళ్ళు, పాల కవర్లు అన్నీ కలిసికట్టుగా మా కాలువలో దిగి, వీధి చివర బోరు పక్కనున్న గుంటలో చేరెడివి. ఆ బోరు నీళ్ళే మా నలభై ఇండ్లకు ఆధారము. రెండేండ్ల కిందట ఆ నీళ్ళు బూడిద రంగుకు తిరిగినవి. ఇడ్లీ కొట్టు లాల్బీ వాటితో చట్నీ చేసి, గిన్నెలోకి తొంగిచూసి, "ఇది చట్నీనా, పలక కడిగిన నీళ్ళా?" అని తానే పారబోసినది. కాలువ కమిటీ ఆ దినమే పుట్టినది. అధ్యక్షురాలు లాల్బీ. నాకు సంతకము బాగా వచ్చునని నన్ను కార్యదర్శిని చేసినారు.

2. గుంటను లోతు చేసి కంకర, బొగ్గు, ఇసుక పొరలుగా వేసి ఇంకుడు గుంతగా మార్చితిమి. కాలువ మూతికి ఇనుప జాలీ బిగించితిమి. మూడు గేదెలు గల మగ్దలీనమ్మ, మబ్బు పట్టగానే తట్ట పట్టుకొని వాటి వెనుక నడచుటకు ఒప్పుకొన్నది. ఆటో ప్రకాశరావు తన బండి కింద ఆయిలు కారకుండ ఒక రేకు డబ్బా వేలాడదీసినాడు. దానిని వీధిలో అందరు "ఆటో గోచీ" అందురు. ఇది అధికారిక పదము కాదు. ఇక నేను ముప్పై ఏండ్లుగా అదే కాలువలో ఆకు వక్క ఉమ్మిన మనిషిని. ఇప్పుడు డబ్బాలో ఉమ్ముచున్నాను. ఆ డబ్బాను ఎక్కడ పారబోయవలెనో కమిటీ ఇంకను తీర్మానించలేదు.

మరుసటి వానలకు బోరు నీళ్ళు తేటపడినవి. లాల్బీ ఒక గ్లాసెడు పట్టి ఎండకు ఎత్తి చూసి, వీధిలో ఉన్నవారందరికి ఉత్తపుణ్యానికి ఇడ్లీ పెట్టినది.

3. ఇంతవరకు సుఖము. గత ఆగస్టు పదిహేనవ తేదీన తమరు మాకు "ఆదర్శ వీధి" అని ప్రశంసాపత్రము దయచేసినారు. అంతటితో కష్టములు మొదలైనవి. అక్టోబరు లోపల మా కాలువను చూచుటకు ఆరు బృందములు వచ్చినవి. వచ్చిన ప్రతి వారికి ఒక నీళ్ళ సీసా, రెండు టీ కప్పులు, ఒక టిఫిను పొట్లము. నాయకునికి అదనముగా పూలమాల. వారు పోయిన తర్వాత ఇవన్నియు కాలువలోనే కనబడినవి. వారమునకు ఒక తట్ట అయ్యెడి మా చెత్త నాలుగు తట్టలైనది. ఒక బృందము వారు ఆటో గోచీ పక్కన వరుసగా నిలబడి ఫోటో దిగి, ఇంకుడు గుంత వైపు తల తిప్పకుండ పోయినారు. కాలువ శుభ్రతను చూడవచ్చిన వారి వలననే కాలువ చెడిపోవుచున్నదని నేను తమ కార్యాలయమునకు వచ్చి విన్నవించగా, "సందర్శకుల సంఖ్య పెరిగినది, అభినందనలు" అని చెప్పి పంపినారు.

4. ఇక అక్టోబరు ఇరవై రెండవ తేదీ సంగతి. చంద్రశేఖరపురం వైపు నుండి పందొమ్మిది మంది వచ్చినారు. వారి నాయకురాలు అనంతలక్ష్మి గారు. స్వాగతము కొరకు తమ సిబ్బంది కాలువ మీదుగా పన్నెండు అడుగుల ఫ్లెక్సీ కట్టినారు. దాని మీద "నీటికి దారి ఇద్దాం" అను అక్షరములు, పక్కన నవ్వుచున్న తమరు. అంతలో గాలి లేచి, వాన దిగినది. ఫ్లెక్సీ తాళ్ళు తెగి, తమరు కాలువలో పడి, కొట్టుకొనిపోయి, జాలీకి అడ్డముగా అతుక్కొన్నారు. నీరు తమరిని దాటి పోలేకపోయినది.

ఐదు నిమిషములలో, బోరు పక్కనే ఉన్న లాల్బీ కొట్టు గడప దాకా నీళ్ళెక్కినవి. ఇంకొక జానెడు లేస్తే ఆ మురికి నేరుగా బోరు గొట్టములో దిగును. సందర్శకులు కొట్టు బెంచీల మీదికెక్కి ఫోన్లలో వీడియో తీయసాగినారు. లాల్బీ చీర ఎగదోపి మోకాటి లోతులో నిలబడి అరచినది:

"ఎవురిదబ్బా ఈ మొగం, కాలవకు అడ్డం పడింది?"

"పెద్ద సారుది లాల్బీ, నెమ్మది" అంటిని.

"ఎవురిదైతే ఏంది? నీళ్ళు పోవాల్నా వద్దా? ఓ సార్లూ! ఫోన్లు జోబీల్లో పెట్టి దిగండి. ఆడ నిలబడి చూస్తే నీళ్ళు పోతాయా?"

ఎవరును కదలలేదు. అప్పుడు అనంతలక్ష్మి గారు చెప్పులు విప్పి దిగినారు. ఆమె దిగిన తర్వాత మిగిలినవారికి బెంచీ మీద ఉండుట బాగుండలేదు.

బూట్ల నేరము: ఎవరివి వారే విప్పుకొన్నారు. కొట్టుకొనిపోకుండ మగ్దలీనమ్మ వాటిని తన కొట్టములో గడ్డి మీద భద్రపరచినది. ఒక బూటు తాడును దూడ నమిలినది. దూడ కమిటీ సభ్యురాలు కాదు.

ఫ్లెక్సీ నేరము: పదకొండు మంది కలిసి లాగగా మొదటి పట్టులో తమరి కుడి చెవి వరకు మాత్రమే చిరిగి వచ్చినది. రెండవ పట్టులో మిగిలిన భాగము వచ్చినది. నవ్వు చెదరలేదు.

బురద నేరము: ఫ్లెక్సీ వెనుక పేరుకొన్న సీసాలు, కప్పులు, బురద ఎత్తక తప్పినది కాదు. నలభై నిమిషములు ఎత్తితిమి. నీరు ఒక్కసారి గుడగుడమని దిగిపోయినప్పుడు పందొమ్మిది మందియు కేకలు వేసినారు. బోరు దక్కినది. లాల్బీ అందరికి వేడి టీ ఇచ్చి, గ్లాసులు ఎవరివి వారి చేతనే కడిగించినది.

5. అప్పుడు అనంతలక్ష్మి గారు మోకాళ్ళ దాకా బురదతో గుంత అంచున కూర్చుని, "అక్కా, ఇసక కింద ఏమేసినారు? బొగ్గు ఎంత మందం?" అని అడిగినారు. అయ్యా, ఏడు బృందములలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. లాల్బీ పక్కన కూర్చుని చెప్పుట మొదలుపెట్టినది. ఆ తర్వాత గంటసేపు ఆపలేకపోయినది. నిన్న అనంతలక్ష్మి గారు ఫోను చేసి, తమ ఊరి బడి వెనుక గుంత తవ్వినామని, మొదటి వానకు నీళ్ళు ఇంకినవని చెప్పినారు. తమరికి ఫిర్యాదు చేసినవారు బృందములో వేరెవరో అయి ఉందురు. బహుశా బూటు తాడు గల వారు.

6. చిరిగిన ఫ్లెక్సీని పారవేయుటకు మనస్కరించక మగ్దలీనమ్మ తన కొట్టము కప్పుకు వేసినది. ఈ వానలలో మూడు గేదెలును తమరి నీడన తడవక నిలబడుచున్నవి. ప్రభుత్వ ఆస్తి సద్వినియోగమైనదని గమనించ ప్రార్థన.

కావున నోటీసును రద్దు చేసి, ప్రశంసాపత్రమును వెనుకకు తీసుకొని, మా కాలువను మాకు వదిలిపెట్టి, ఈ మనవిని తమరి మనస్సున ఉంచుకొనవలెనని కోరుచు,

బురద కడుగుకొని సంతకము చేసిన తమ విధేయుడు,
మాలకొండయ్య,
కార్యదర్శి.

తా.క.: ఇది లాల్బీకి చదివి వినిపించితిని. "ఇన్ని కాగితాలెందుకన్నా? ఆయప్పనే ఒకతూరి రమ్మను. పాత ప్యాంటు ఏసుకోని రమ్మను" అన్నది. సరే అని, తమరి అనుకూల సమయములో దయచేయవలెనని వ్రాసితిని. ఆమె దానిని కొట్టివేయించినది. "ఆయప్పకు అనుకూలమైనప్పుడు వాన రాదు. వాన వచ్చినప్పుడు రమ్మని రాయి."

వాన వచ్చినప్పుడు రండి సార్.