ఊదకు నాలుక ఉండదు

మస్తాన్‌బీ,

నువ్వు పోయాక ఇవాళే మొదటిసారి కలుపుకు వెళ్లాను. పొన్నూరు రోడ్డు పక్కన మనం ఏటా దిగే చేనే. ఈసారి నాట్లు వేయలేదు, వడ్లు వెదజల్లారు. వరసలు లేకపోవడంతో ఊద గడ్డి వరిలో ఇష్టమొచ్చినట్టు కలిసిపోయింది.

కంకి వేశాక ఊదను ఎవరైనా గుర్తుపడతారు. కానీ అప్పటికి లాభం లేదు. వరి కోతకు రాకముందే దాని గింజలు రాలిపోయి, మళ్లీ ఏడాది మొలుస్తాయి. లేతగా ఉన్నప్పుడే పీకాలి. అప్పుడేమో అచ్చం వరిలాగే ఉంటుంది. అనుమానమొస్తే ఒక పిలక తెంపి నీకు అందించేదాన్ని. ఆకును వెనక్కి వంచి, అది కాడను పట్టుకున్నచోట చూసేదానివి. వరికైతే అక్కడ పల్చటి పొర నాలుకలా లేచి ఉంటుంది. ఊదకు ఏమీ ఉండదు, నున్నగా ఉంటుంది.

“దీనికి నాలుకేదే? ఇంత వయసొచ్చింది, ఇంకా నేనే చెప్పాలంటే! పీకెయ్!” అని చేనంతా వినపడేలా అరిచేదానివి. అందరూ నవ్వేవాళ్లు.

ఇవాళ కూడా పిలక తెంపి ఎడమపక్కకు చెయ్యి చాపాను. అక్కడున్న కొత్త కూలీ “ఏందక్కా?” అంది. ఏం లేదన్నాను.

అది ఊదేనని చూడగానే తెలిసింది. ఇన్నేళ్లూ తెలుసు మస్తానూ. నీ అరుపు కోసమే అడిగేదాన్ని.

ఆ దుబ్బును పీకకుండా వదిలేసి వచ్చాను. ఇప్పుడు తిట్టవే.