ఉర్దూ కాగితాల పెట్టె

ఏమండీ, అన్నం, పప్పు గట్టు మీద ఉన్నాయి. ఆటోనగర్ నుంచి రాగానే ఆ గ్రీజు చేతులు కడుక్కోండి. బీరువా మీది తెల్ల గుడ్డసంచిని కడుక్కున్నాకే ముట్టుకోండి. అందులో అల్లా పేరున్న కాగితాలున్నాయి. శుక్రవారం జుమా నమాజుకు వెళ్లినప్పుడు మసీదులో అప్పగించాలి.

మంచం కింది పెట్టె ఖాళీ చేశాను. అవును, మీరు ముట్టుకోవద్దన్న పెట్టే. ఉర్దూ అక్షరం కనబడితే చాలు, "పారేయకు ఫరహత్, పాపం తగులుతుంది" అని పదేళ్లుగా అందులో వేయిస్తూ వచ్చారు. మనిద్దరిదీ తెలుగు చదువే. అందులో ఏముందో ఎవరం చూశాం? మసీదు హజ్రత్ గారి దగ్గర ఉర్దూ నేర్చుకున్న మన అమ్మాయి ఇల్మాతో నిన్న ఒక్కొక్కటీ చదివించాను. సర్కస్ కరపత్రం, టైలరు రసీదులు, తలనూనె ప్రకటనలు! తలనూనె సీసా బొమ్మను పదేళ్లు అత్తరు పూసి దాచుకున్నామండీ. అల్లా మనల్ని ఇదే అడిగాడా? పదో తరగతి పిల్ల పుస్తకాలు బియ్యం డబ్బా మీద పెట్టుకుంటుంటే ఆయనకు మాత్రం బాగుంటుందా? అల్లా పేరున్నవి ఆ సంచిలో పెట్టి, మిగతావన్నీ పాత పేపర్లవాడికి ఇచ్చేశాను. తప్పైతే ఆయనకు నేనే జవాబు చెప్పుకుంటాను. ఇకనుంచి పెట్టె ఇల్మాది.

భవానీపురంలో అక్క ఇంటికి వెళ్తున్నాను. పొద్దు గూకేసరికి, మగ్రిబ్ నమాజు వేళకు వస్తాను.

పెట్టె అడుగున మీ నాన్నగారు చేత్తో రాసిన ఉత్తరం దొరికింది. మీ దిండు కింద పెట్టాను. కింద పేరు తప్ప ఇల్మాతో ఏమీ చదివించలేదు, అది మీది. ఏం రాశారో తెలియాలంటే ఇల్మానే అడగాలి. అరవకుండా అడగండి.