పర్మిట్ అక్కరలేని చెరుకు

నా పేరు పాశం సౌందర్య. తండ్రి కీర్తిశేషులు లింబయ్య, స్వస్థలం ఎడపల్లి. వయస్సు నలభై ఆరు. నిజామాబాద్‌లో అద్దె ఇంట్లో ఉంటూ ఒక డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. వచ్చే వారం హైదరాబాద్‌లో నాకు గుండె కవాటం మార్చే ఆపరేషన్ ఉంది. అందుకని, ఎవరి బలవంతమూ లేకుండా, చెప్పుడు మాటలు వినకుండా, స్థిమితమైన మనసుతో ఈ వీలునామా రాస్తున్నాను.

స్థిమితం అన్న మాట దగ్గర కలం ఆగింది. దేని మీదా అనుమానం లేకుండా ఒక పూట గడిపిన మనిషిని కాను నేను. కానీ అనుమానపడేవాళ్లు వీలునామా రాయకూడదని ఏ చట్టంలోనూ లేదు. మతి తప్పి రాసిందని రేపు నా తమ్ముడు శేఖర్ అనవచ్చు. అందుకే డాక్టర్ సర్టిఫికెట్ జతపరిచాను.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత నా పాత సహోద్యోగి అనసూయమ్మది. ఆమె ఎవరి ఇంట్లోనూ చాయ్ తాగి మెత్తబడే మనిషి కాదు.

2. ఎడపల్లి శివారులో బాపు నాకు గిఫ్టు డీడు చేసిన అర ఎకరం. హద్దులు: తూర్పున బోధన్ రోడ్డు, పడమర శేఖర్ వాటాకు వచ్చిన రెండెకరాలు, ఉత్తరాన కాలువ, దక్షిణాన పక్కవాళ్ల వరి మడి. ఈ భూమిని బోరుతో, మోటారుతో, అందులో నిలబడి ఉన్న చెరుకుతో సహా నా మేనకోడలు నిరోషకు సర్వహక్కులతో ఇస్తున్నాను. నిరోష శేఖర్ కూతురే. రుద్రూర్ చెరుకు, వరి పరిశోధన కేంద్రంలో పని చేస్తుంది.

శేఖర్ తన రెండెకరాలను ప్లాట్లు చేసేవాళ్లకు మాట్లాడుకున్నాడు. నా అర ఎకరం కలవకపోతే ఆ ప్లాట్లకు రోడ్డు లేదు. దసరా నుంచి వారానికొకసారి వచ్చి కూర్చుంటున్నాడు. పోయిన నెల, "అక్కా, నీకు మొగడు లేడు, పిల్లలు లేరు. గా అర్ధ ఎకరం పట్టుకోని ఎవలకు కావలున్నవ్?" అని అడిగాడు. ఇప్పుడు చెబుతున్నాను: నీ బిడ్డకు.

3. భూమి ఇస్తే చాలు కదా, చరిత్ర దేనికని అనసూయమ్మ అడిగింది. చరిత్ర తెలియకుండా ఈ భూమి తీసుకుంటే నిరోషకు మట్టి మాత్రమే వస్తుంది. అందుకని రాస్తున్నాను.

ఒకప్పుడు ఈ దేశం జావా నుంచి ఓడల్లో వచ్చిన చక్కెర తిన్నది. ఆ చక్కెర మీద సుంకం పెరిగాక దేశంలో మిల్లులు లేచాయి. మా దిక్కు కాలువ నీళ్లు వచ్చాయి, వెనకే చెరుకు వచ్చింది, బోధన్‌లో పొగగొట్టం లేచింది. మా తాత జొన్న చేను చెరుకు తోట అయింది. ఎక్కడి సముద్రం, ఎక్కడి ఎడపల్లి! తర్వాత దిగుమతులకు తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. చక్కెర ధర బ్రెజిల్ పంటను బట్టి, లండన్ బేరాన్ని బట్టి ఊగడం మొదలైంది. బోధన్ మిల్లు మూతపడటానికి అదొక్కటే కారణమని నేను అనను. నా థీసిస్‌లో గట్టిగానే అన్నాను, ఇప్పుడు అంత నమ్మకం లేదు.

మిల్లు రైతుకు ఒక పద్ధతి ఉండేది. చెరుకు తనదే, కోత తన చేతిలో లేదు. మిల్లు నుంచి పర్మిట్ వచ్చిన రోజే కత్తి పెట్టాలి. ముందే నరికితే గేటు బయట బండి మీదే ఎండిపోతుంది. బాపు బతుకంతా పర్మిట్ చూసే నరికాడు. మిల్లు మూతపడ్డ ఏడాది మా పొలమంతా చెరుకే. చుట్టుపక్కల వాళ్లు కొందరు దూరపు మిల్లుకు తోలారు, కొందరు బెల్లం వండుకున్నారు. బాపు మాత్రం ఎవరినీ తోటలోకి పోనియ్యలేదు. "పర్మిట్ రాంది ఎట్ల నరుకుతర్రా? రేపు మిల్లు తెరిస్తె మొదలు నంబర్ మనదే" అనేవాడు.

నేను పటం ముందు పెట్టి బ్రెజిల్ ఎక్కడుందో, వాళ్ల చక్కెర మన దాకా ఎట్లా వస్తుందో చెప్పాను. ఓపికగా విని, "గా బ్రెజిల్ల రైతుకు పర్మిట్ ఎవలిస్తరు బిడ్డా?" అన్నాడు. మమ్మల్ని కన్న అవ్వ పొయ్యి దగ్గర నుంచే, "బ్రెజిలోడు మనింటికచ్చి బువ్వ పెడ్తడా? కొయ్యిర్రి ముందు" అన్నది. ఎవరూ కొయ్యలేదు. చెరుకు పూత పట్టింది. రోడ్డు మీద పోయేవాళ్లు బస్సు కిటికీల్లోంచి చూసి ఎంత బాగుందో అనుకొని ఉంటారు. లోపల గడలన్నీ రసం లేని బెండు. ఎండాకాలంలో తోటకు మేమే నిప్పు పెట్టాం. బాపు ఆ తర్వాత మళ్లీ చెరుకు పెట్టలేదు. ఈ అర ఎకరంలో పెట్టింది నేను, ఆయన పోయాక, ఊరంతా నవ్వుతుంటే.

4. ఆ చెరుకు ఇప్పుడు బోధన్ బస్టాండు దగ్గర రసం బండి నడిపే కనీజ్‌కు పోతుంది. జావా, బ్రెజిల్, లండన్ ఏవీ మధ్యలో లేవు, ఒక ఆటో తప్ప. "మేడం, మీ చెరుకు పిండితే నిమ్మకాయ ఖర్చు గూడ మిగుల్తది" అంటుంది. కోత కోసిన ప్రతిసారీ గడలు ఏరుకునే మొదటి హక్కు కనీజ్‌ది. నా ఇంట్లో ఉన్న పెద్ద గొడుగు కూడా ఆమెకే. బండి మీది గుడ్డకు చిల్లులు పడి రెండు ఎండాకాలాలైంది, అడిగితే "చల్తా మేడం" అంటుంది. చల్తా కాదు, తీసుకో.

5. చెరుకు కొసలు ఎప్పటిలాగే కోతకు వచ్చినవాళ్ల మేకలకు, బర్రెలకు. అది వాళ్లకు మనం పెట్టే దానం కాదు, వాళ్ల హక్కు.

6. నా పుస్తకాలు నేను పనిచేసే కాలేజీకి. ఆర్థిక చరిత్ర పేపరు ఎవరూ తీసుకోవడం లేదని తీసేశారు కాబట్టి వాటిని అటక మీద పెడతారని తెలుసు. అటక మీదైనా ఉండనివ్వండి.

నా పరిశోధనకు గైడుగా ఉన్న పెద్దమనిషి వైవా రోజు అందరి ముందు, "మీ ఊరి మిల్లు అంతర్జాతీయ వాణిజ్యం ఎట్లయితదమ్మా?" అని నవ్వారు. ఆయనకు ఒక కిలో బెల్లం పంపాలి. మా ఊరి చెరుకు చక్కెర కావడం ఎందుకు మానేసిందో చాయ్‌లో కలుపుకుంటూ ఆలోచించుకోవచ్చు.

7. శేఖర్‌కు బాపు గొంగడి. చిన్నప్పుడు మిల్లు గేటు ముందు బండ్ల వరుసలో చెరుకు మోపుల మీద నువ్వు నిద్రపోతే బాపు కప్పింది ఇదే. ఉతకలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మిల్లు వాసన ఇంకా వస్తుంది. నాకు నీ మీద కోపం ఉంది, అది పోదు. గొంగడి మాత్రం నీదే.

8. చివరిది. చెరుకు పండి ఉంది. "అగ్రిమెంట్ అయ్యేదాక తోట ముట్టకు అక్కా, కోస్తె మోళ్లు మల్ల మొలుస్తయ్, అగ్రిమెంట్ అయినంక జేసీబీతోని ఏర్లతో సహ తీపిస్త" అని శేఖర్ అన్నాడు. నేనూ ఆపరేషన్ అయ్యాక చూద్దామని ఆగాను. నెల రోజులు ఆగాక తెలిసింది, మిల్లు మూతపడ్డ ఏడాది బాపు చేసిన పనే నేనూ చేస్తున్నానని. మోళ్లు మళ్లీ మొలుస్తాయి, నిజమే. మొలవాలనే కోయడం.

వీలునామా చావు తర్వాతే అమల్లోకి వస్తుందని అనసూయమ్మ హెచ్చరించింది. మిగతా క్లాజులు ఆగుతాయి. ఇది ఆగదు. నేను ఆపరేషన్ నుంచి తిరిగొచ్చినా, రాకపోయినా, బాపు కత్తి ఈ రోజే నిరోష చేతికి ఇచ్చాను. తర్వాత ఆ భూమి ఉంచుకుంటావో అమ్ముకుంటావో నీ ఇష్టం బిడ్డా, చేతులు కట్టేసి ఇవ్వడం నాకు రాదు. కానీ ఈ చెరుకు మాత్రం ఎవరి పర్మిట్ కోసమూ నిలబడకూడదు. రేపు పొద్దున నరుకు.

నిజామాబాద్, 20 జనవరి 2025

(సంతకం) పాశం సౌందర్య

సాక్షులు:
రాజమల్లు, రిటైర్డ్ కండక్టర్, పక్కింటివారు
నదీం, కాలేజీ లైబ్రేరియన్